సున్నం వేసిన గోడ

మధ్యాహ్నం గని సైరన్ మోగగానే మా అక్క ముందుగా పొయ్యి మీది గిన్నె దించుతుంది. తర్వాత గోడకు తగిలించిన అద్దాన్ని తీసి మంచం మీద పరుపు మధ్యలో పెడుతుంది. ఆ తర్వాతే బావ భుజం తట్టి బయటికి తీసుకొస్తుంది. ఆయనకు సైరన్ వినబడదు. ముప్పై ఏళ్లకు పైగా భూగర్భ గనిలో పనిచేసిన చెవులవి. ఇద్దరూ వచ్చి వీధి మధ్యలో, కరెంటు స్తంభానికి దూరంగా నిలబడతారు. ఎదురింటి కాక, ఆయన మేకలు, ఇంకో పది పన్నెండు ఇళ్లవాళ్లు కూడా అలాగే నిలబడతారు. కాసేపటికి కాళ్ల కింద నేల ఒక్కసారి జరిగినట్టవుతుంది. పేలుడు శబ్దం తర్వాత వస్తుంది. ఆ తర్వాత, గాలి ఎటు వీస్తే అటు, బూడిదరంగు దుమ్ము వస్తుంది. అక్క కొంగుతో ముక్కు మూసుకుని లోపలికి వెళ్లి అద్దాన్ని మళ్లీ గోడకు తగిలిస్తుంది.

మొదటిసారి ఇదంతా చూసినప్పుడు, అద్దం ముందు, మొగుడు తర్వాతా అని అడిగాను. "అద్దం కింద పడితె పలుగుతది తమ్మి. మీ బావ పలుగడు" అన్నది.

నేను గోదావరిఖనిలో ఉంటాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అక్క వాళ్ల ఊరు షేర్ ఆటోలో అరగంట. బావ రిటైరైనప్పుడు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఆ ఊళ్లో మూడు గదుల స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. ముందు గది, నడిమి గది, లోపలి గది, ఒకదాని వెనక ఒకటి, రైలుపెట్టెల్లాగా. అప్పుడు ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గని, ఊరికి చాలా దూరం. దాని మట్టి గుట్టలు ఆకాశం అంచున నీలంగా కనబడేవి. తెలియనివాళ్లు నిజమైన కొండలనుకునేవాళ్లు. విస్తరణ మొదలయ్యాక గని ఊరివైపు నడుచుకుంటూ వచ్చింది. పత్తి చేలు పోయాయి, మామిడితోట పోయింది, పక్క ఊరికి పోయే బాట పోయింది. చివరికి ఒక ఇనుప కంచె వచ్చి ఊరి వెనక ఆగింది. ఇంక రాదులే అనుకున్నారు అందరూ. కంచె రాలేదు. పేలుళ్ల అదురు వచ్చింది.

మొదటి పగులు లోపలి గదిలో పుట్టింది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకింది. అది స్లాబును తాకే నాటికి ఎదురు గోడ మీద ఇంకోటి బయలుదేరింది. ఊళ్లో చాలా ఇళ్లలో ఇలాగే ఉంది. దెబ్బతిన్న ఇళ్ల జాబితా ఒకటి తయారవుతుందనీ, అందులో ఉన్నవాళ్లను ముందుగా వేరే చోటికి మారుస్తారనీ కబురు వచ్చింది. మిగతా ఊరి సంగతి ఎప్పటికో. నాకు కావలసింది ఒక్కటే. అక్కా బావా ఆ స్లాబు కింద నుంచి బయటపడాలి. అందుకు వాళ్ల ఇంటి నంబరు ఆ జాబితాలో ఉండాలి.

బావ గనిలో కప్పుకు ఆసరాలు పెట్టే పని చేసినవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, నిలబెట్టే ముందు కప్పును కర్రతో తట్టి వినడం. గట్టి కప్పు ఒక రకంగా పలుకుతుంది, లోపల పొర విడిచిన కప్పు ఇంకో రకంగా పలుకుతుంది. ఆ తేడా విన్నవాడే సాయంత్రం ఇంటికి వస్తాడని నాకు చాలాసార్లు చెప్పాడు. పగుళ్లు వచ్చాక ఆయన ఇంట్లో కూడా అదే మొదలుపెట్టాడు. ప్రతి పేలుడు తర్వాతా ఒక వెదురు కర్ర పట్టుకుని మూడు గదుల్లో స్లాబును తట్టుకుంటూ పోతాడు. కాని ఇప్పుడు ఆయనకు తేడా వినబడదు. అక్క వెనకే నడిచి, విని, ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాలి.

"ఏమన్నది?" అంటాడు తట్టి.

"గట్టిగనే ఉన్నది."

ఇంకో అడుగు. "ఈడ?"

"ఈడ జర బోలుగ ఉన్నది."

లోపలి గది స్లాబు బోలుగా పలికిన రోజున బావ రెండు కట్టెలను ఇంటూ గుర్తులా కట్టి ఆ గది గుమ్మానికి అడ్డం పెట్టాడు. గనిలో కప్పు చెడ్డ చోటికి ఎవరూ పోకుండా అలాగే పెడతారట. అప్పటినుంచి గోడలు చూసుకోవడానికి తప్ప లోపలి గదిలోకి ఎవరూ వెళ్లలేదు. బియ్యం డబ్బా, పెట్టెలు, మంచం అన్నీ నడిమి గదిలోకి వచ్చాయి.

గనిలో ఇంకో పద్ధతి ఉంది. సర్దారు, అంటే ఆ పనిచోటు భద్రతను చూసుకునేవాడు, అక్కడికి వచ్చి చూసినట్టు గుర్తుగా గోడమీద సుద్దతో తేదీ వేసి సంతకం పెడతాడు. కాగితంలో ఏం రాస్తాడో తర్వాతి సంగతి. పనివాళ్లు నమ్మేది గోడమీది సుద్దనే. పగులు ఎంత పెరుగుతోందో రాసి పెట్టు బావా అని నేను సలహా ఇచ్చినప్పుడు ఆయన నోటుబుక్కు కొనలేదు, సుద్దముక్క తీశాడు. ప్రతి వారం పగులు కొన ఎక్కడుందో అక్కడ అడ్డగీత గీసి తేదీ వేశాడు. కొన్ని నెలలకు ఆ గోడలు చూస్తే పిల్లల ఎత్తు గుర్తులు పెట్టిన తలుపుచెక్కలా ఉండేవి. ఒక్కొక్క పగులు పక్కన పది పదిహేను తేదీలు. నేను జీవితమంతా మాట్లాడిన సాక్ష్యం, రుజువు అనే వాటికి అంత మంచి నమూనా నేను చూడలేదు. చూసి మురిసిపోయాను. కాగితం మీదికి ఎక్కించాలని మాత్రం నాకు తోచలేదు.

ఒక ఫొటో తీశాను. ఫోన్ తీయగానే బావ లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గోడ ముందు నిటారుగా నిలబడ్డాడు. అక్క కూడా వచ్చి నిలబడింది. పక్కకు జరగమని చెప్పాలనిపించింది, చెప్పలేదు. ఇద్దరూ కలిసి ఫొటో దిగి ఎన్నేళ్లయిందో. ఆ ఫొటోలో పగులు బావ తల వెనక నుంచి కొంచెం పైకి కనబడుతుంది, అంతే.

ఈ పగుళ్ల గురించి నేను మొదట పోరాడింది కంపెనీతో కాదు, ఒక వాస్తు పండితుడితో. బావ తరపు చుట్టాలు ఎవరో ఆయన్ని తీసుకొచ్చారు. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, ముందు తలుపు ఉండవలసిన చోట లేదు కాబట్టే గోడలు విచ్చుకుంటున్నాయని తేల్చాడు. తలుపు మూడడుగులు పక్కకు జరపాలన్నాడు. ఇలాంటి చర్చలు నాకు కొత్త కాదు. కుర్రతనం నుంచి సభల్లో దయ్యాల మీద, ముహూర్తాల మీద, జాతకాల మీద వాదించి పెరిగినవాణ్ణి. వీధిలో నలుగురు చేరేదాకా ఆగి మొదలుపెట్టాను. ఈ వీధిలో తూర్పు తలుపు ఉన్న ఇంట్లోనూ పగులుంది, ఉత్తరం తలుపు ఉన్న ఇంట్లోనూ ఉంది, తలుపే లేని బర్ల కొట్టంలోనూ ఉంది. మరి బర్రెలకు ఏ వాస్తు చెప్తారు? జనం నవ్వారు. ఆయన దిక్సూచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను గెలిచాను. లోపలికి రాగానే అక్క మంచినీళ్లు ఇచ్చి అడిగింది.

"నువ్వన్నదే నిజం తమ్మి. పేలుళ్లతోనే పలుగుతున్నయి. గని ఎప్పుడు ఆగుతది?"

"ఆగదు."

"మరి ఇల్లు ఎట్ల బాగైతది?"

నా దగ్గర జవాబు లేదు. పండితుడి దగ్గర ఉంది. తలుపు మూడడుగులు జరిపితే చాలన్నాడు. అది శుద్ధ అబద్ధం. కాని దానితో చేయడానికి ఒక పని ఉంది. నేను ఆమె చేతిలోంచి ఆ పనిని లాక్కున్నాను, బదులుగా ఒక కారణం ఇచ్చాను.

అంతకుముందు నేను చేసిన ఇంకో ఘనకార్యం చెప్పాలి. విస్తరణ మొదలైన రోజున మొదటి పేలుడుకు ముందు గుమ్మడికాయ కొట్టి, హారతి ఇచ్చి, అందరికీ కొబ్బరిముక్కలు పంచారు. చదువుకున్న ఇంజనీర్లు గుమ్మడికాయ మీద నమ్మకం పెట్టుకోవడమేమిటని నేను నాలుగు పేజీల వ్యాసం రాసి ఒక చిన్న పత్రికకు పంపాను. మిత్రులు మెచ్చుకున్నారు. ఆ నాలుగు పేజీల్లో ఆ పేలుడుకు మా అక్క ఇల్లు ఎంత దూరమో నేను రాయలేదు. నాకు గుమ్మడికాయ కనబడింది, దాని వెనక ఉన్న మందుగుండు కనబడలేదు.

ప్రతి ఏడాదీ గనిలో జరిగే భద్రతా వారోత్సవాలకు నన్ను వ్యాసరచన పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచేవాళ్లు. పిల్లల వ్యాసాలు దిద్ది, వేదిక మీద పది నిమిషాలు మాట్లాడి వచ్చేవాణ్ణి. ప్రమాదం తలరాత కాదు, ఎవరో ఒకరు తమ పని చేయకపోవడం అని చెప్పేవాణ్ణి. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు, అధికారులు కూడా. ఆ మాటలో తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాను. కాని ఆ వేదిక కంచెకు లోపల ఉండేది. లోపల టోపీ, బూట్లు లేకుండా నన్నయినా ఒక్క అడుగు వేయనివ్వరు. గేటు దగ్గర ఒక మనిషి నా తలకు టోపీ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి పంపేవాడు. అదే కంచెకు బయట మా అక్క వట్టి తలతో, వట్టి కాళ్లతో, అద్దాన్ని పరుపు మీద పెట్టి వీధిలో నిలబడుతుంది. ఆమె భద్రత ఎవరి పనో ఏ వ్యాసంలోనూ ఏ పిల్లవాడూ రాయలేదు. నేనూ అడగలేదు.

అక్కడి పరిచయాలు పట్టుకునే తిరిగాను. దరఖాస్తు రాశాను. గని ఆఫీసులో అది పర్యావరణ విభాగం పని అన్నారు. అక్కడికి వెళితే పేలుళ్లు భద్రతా విభాగం చూస్తుందన్నారు. భద్రతా విభాగంలో, మా బాధ్యత కంచె లోపలి వరకే సార్, ఊళ్లు భూసేకరణ వాళ్లవి అన్నారు. ఎవరూ కసురుకోలేదు. ప్రతి ఒక్కరూ కుర్చీ వేసి, టీ తెప్పించి, పక్క గది చూపించారు. ఒకరోజు ఊళ్లో అదురు కొలిచే యంత్రం పెట్టారు. హద్దులోనే ఉందని చెప్పారు. ఆ రోజు పేలుడు చిన్నగా జరిగిందని ఊరంతా అన్నది. ఊరంతా అన్నది సాక్ష్యం కాదని నేనే ఎన్ని సభల్లో చెప్పానో. యంత్రానికి ఏమని బదులు చెప్పను?

చివరికి ఇళ్ల పరిశీలనకు ఒక తేదీ ఇచ్చారు. ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను. ఎవరెవరు వస్తారు, ఏం అడుగుతారు, ఏ కాగితాలు తీసి పెట్టాలి, ఎక్కడ సంతకం పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు. అన్నీ వరసగా చెప్పాను. ఆమె అన్నింటికీ ఊ కొట్టింది.

పరిశీలన రోజు నేను వాళ్లతోపాటే జీపు దిగాను. ఒక యువ ఇంజనీరు, ఒక రెవెన్యూ గుమాస్తా. గుమాస్తా చేతిలో ఫారాల కట్ట. వీధి మలుపు తిరగగానే నాకు వాసన తగిలింది. తడి సున్నం వాసన.

అక్క ఇల్లు మెరిసిపోతోంది. సున్నంలో నీలిమందు కలిపి రెండు పూతలు వేయించింది. గడపకు పసుపు. వాకిట్లో పక్కింటి నుంచి తెచ్చిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు. లోపలి గది గుమ్మానికి కట్టెలు లేవు, ఉతికిన కర్టెన్ వేలాడుతోంది. అక్క పెట్టెలోని చీర కట్టుకుని టీ గ్లాసుల పళ్లెంతో ఎదురొచ్చింది. బావ అదే ఇస్త్రీ చొక్కాలో నమస్కారం పెట్టాడు.

"రాండ్రి సారు, కూసోండ్రి. ఎండల వడి వచ్చిండ్రు."

"ఇల్లు చాలా బాగుందమ్మా" అన్నాడు ఇంజనీరు. నిజంగానే అన్నాడు. "సున్నం ఎప్పుడు వేశారు?"

"మొన్ననే సారు. మీరు ఇంటికొస్తున్నరంటే గోడలు గట్లనే వెడతమా?"

నేను లోపలి గదిలోకి వెళ్లి చూశాను. ఒక్క గీత లేదు. పగుళ్లలో సిమెంటు కూరి, నున్నగా చేసి, పైన సున్నం కొట్టారు. బావ వేసిన తేదీలు ఒక్కటి కూడా మిగల్లేదు. ఇన్ని నెలల లెక్క నీలం కలిసిన తెలుపు కిందికి పోయింది.

"అక్కా, పగుళ్లేవి?" అన్నాను.

"పూడిపిచ్చిన తమ్మి. మేస్త్రి రెండొద్దులు చేసిండు."

ఇంజనీరు గోడల దగ్గరికి వెళ్లి చేత్తో తడిమి చూశాడు. గుమాస్తా పెన్ను తీశాడు. ఇక్కడ పగుళ్లుండేవనీ, ప్రతి వారం గుర్తులు పెట్టామనీ, అన్నీ సున్నం కింద ఉన్నాయనీ చెప్పాను. ఫోన్ తీసి ఫొటో చూపించాను. ఇస్త్రీ చొక్కాలో బావ, కొంగు సర్దుకుంటూ అక్క. ఇంజనీరు దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు.

"సార్, ఫారంలో 'కనిపించిన నష్టం' అని ఉంది. కనిపించనిది ఎలా రాయమంటారు?"

కనిపించనిది ఎలా నమ్మమంటారు అని బాబాలను, సోదెగాళ్లను నేను అడిగిన గొంతు అది. అంత నెమ్మదిగా నేను ఏనాడూ అడగలేదు.

ఏదో తేడా వచ్చిందని అప్పుడు బావకు అర్థమైంది. మా పెదవులు చూస్తూ కాసేపు నిలబడి, మూల నుంచి వెదురు కర్ర తెచ్చాడు. కర్టెన్ తోసుకుని లోపలి గదిలోకి వెళ్లాడు.

"ఇనుండ్రి సారు" అని స్లాబును తట్టాడు. ఒకసారి గుమ్మం దగ్గర, ఒకసారి గది నడిమధ్యన.

ఇంజనీరు గనుల చదువు చదివినవాడు. రెండో దెబ్బకు అతని తల పైకి లేచింది. గబుక్కున బావ మోచెయ్యి పట్టుకుని ఆయన్ని ఆ చోటి నుంచి ఇవతలికి లాగాడు. ఒక క్షణం నాకు ఆశ పుట్టింది.

"విన్నారు కదా" అన్నాను.

"విన్నాను సార్." అతను గుమాస్తా చేతిలోని ఫారాన్ని తీసుకుని పైనుంచి కింది దాకా చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. "చప్పుడు రాయడానికి దీంట్లో గడి లేదు. నోట్ పెడతాను. చూస్తారో లేదో నాకు తెలియదు."

అతను అబద్ధం చెప్పలేదు. గుమాస్తా 'మరమ్మతు చేయబడినది, నష్టం కనిపించలేదు' అని రాసి, అక్క దగ్గర సంతకం తీసుకున్నాడు. ఎక్కడ సంతకం పెట్టకూడదో నేను గంటసేపు చెప్పిన అక్క, టీ చల్లారకముందే తాగమని వాళ్లను బతిమాలుతూ పెట్టేసింది. వెళ్తూ వెళ్తూ ఇంజనీరు ఆమెతో, ఆ లోపలి గదిలోకి మాత్రం ఎవరూ పోకండి అమ్మా, అని రెండుసార్లు చెప్పాడు.

వాళ్లు ఎదురిల్లు కూడా చూసుకుని జీపెక్కి పోయాక నేను అరిచాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతుతో, సొంత అక్క మీద, వీధిలో అందరూ వింటుండగా అరిచాను. చేతులారా రుజువు చెరిపేశావు అన్నాను. నీకు బుద్ధి ఉందా అన్నాను. ఆమె పళ్లెంలో గ్లాసులు సర్దుతూ విన్నది.

"అయిపోయిందా?" అన్నది. "ఇంటికి మనుషులొస్తే పలిగిన గోడలు సూపియ్యాల్నా? మీ బావ ముప్పై ఏండ్లు చేసిన కంపెనీ అది. ఆయన ఇల్లు గిట్ల వెట్టుకున్నడని అనుకోరా? ఇజ్జత్ ఉండదా మాకు?"

"ఇజ్జత్ కోసం కప్పు కింద చస్తారా?"

"నువ్వు గంటసేపు చెప్పినవు. కాయిదాలు చెప్పినవు, చట్టం చెప్పినవు. గోడ ముట్టకు అని ఒక్క మాట చెప్పినవా?"

చెప్పలేదు. చెప్పాలని కూడా నాకు తోచలేదు. మనిషి ఇంటికి వస్తాడంటే గోడకు సున్నం వేసే ఇంట్లోనే నేను పుట్టాను. మా అమ్మ కూడా అలాగే వేసేది. ఆ మాట మరిచిపోయినవాణ్ణి నేను.

అన్నీ చూస్తున్న ఎదురింటి కాక బీడీ ఆర్పి ఇవతలికి వచ్చాడు. "ఊకోండ్రి సారు. మీ అక్క ఇల్లు జూస్తే కంపెనోళ్లే కిరాయికడిగేటట్టున్నరు" అన్నాడు. అక్క నవ్వలేక నవ్వింది. "నా ఇల్లు ఆరేండ్ల సంది సున్నం మొకం సూడలే. మా ముసల్ది రోజు తిడుతది. ఇయ్యాల వాళ్లొచ్చి చెయ్యి దూరేటంత పగులు రాసుకపోయిండ్రు. సోమరిగ ఉండుడు గూడ ఒకందుకు మంచిదే సారు."

జాబితా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. కాక ఇంటి నంబరు ఉంది. అక్కది లేదు. నేను పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాను, పరీక్ష ఫలితాలు చూసే పిల్లవాడిలాగా. మళ్లీ ఆఫీసులకు తిరిగాను. ఇంజనీరును కలిశాను. నోట్ పెట్టాను సార్ అన్నాడు, దాని నకలు కూడా చూపించాడు. పై ఆఫీసులో ఆ నోట్ ఫైలులో ఉంది. వచ్చే వానాకాలం తర్వాత మళ్లీ పరిశీలన ఉండవచ్చన్నారు, అప్పుడు చూస్తామన్నారు.

అప్పటిదాకా నా దగ్గర ఉండండి అని అక్కా బావలను అడిగాను. వాళ్ల కూతురు మందమర్రిలో క్వార్టర్‌లో ఉంటుంది. అల్లుడు షిఫ్టు డ్యూటీ, పగలు పడుకుంటాడు, ఉన్నవి రెండు గదులు. నా ఇంట్లో చోటు ఖాళీగానే ఉంది. అక్క ఒప్పుకోలేదు.

"ఇంటికి తాళమేస్తే, ఈడ ఎవ్వలుంటలేరు అని రాసుకపోతరు తమ్మి. మళ్ల అడిగితె ఎవలింటరు?"

అది ఆడవాళ్ల భయం అనుకుని ఆఫీసులో అడిగాను. మనుషులు నివాసం లేని ఇంటిని పరిశీలనలోకి తీసుకోకూడదన్న నిబంధన చూపించారు. నేను దాన్ని రెండుసార్లు చదివాను. ప్రమాదంలో ఉన్నారని గుర్తించాలంటే వాళ్లు ప్రమాదంలోనే కాపురం ఉండాలి. ఒక దయ్యం కథలో ఇలాంటి మెలిక ఉంటే సభ మధ్యలో చించి పారేసేవాణ్ణి. ఇది చక్కగా టైపు చేసి, ముద్ర వేసి ఉంది. ఎవరితో వాదించాలో తెలియలేదు. బల్ల వెనక కూర్చున్న మనిషి ఆ నిబంధన రాసినవాడు కాదు. రాసినవాడు ఎవరో అతనికీ తెలియదు.

మొన్న వెళ్లినప్పుడు నేను అక్కడ ఉండగానే సైరన్ మోగింది. అక్క గిన్నె దించింది. అద్దం తీసి పరుపు మీద పెట్టింది. నేను బావ భుజం తట్టాను. ముగ్గురం వీధిలో నిలబడ్డాం. కాక లేడు, ఆయన్ని వేరే చోటికి మార్చేశారు. తలుపు లేని ఆ ఇంట్లో మేకల పెంటికలు మాత్రం ఉన్నాయి. నేల జరిగింది. శబ్దం వచ్చింది. దుమ్ము వచ్చింది.

లోపలికి రాగానే బావ వెదురు కర్ర తీశాడు. లోపలి గదికి కట్టెలు మళ్లీ అడ్డం పెట్టే ఉన్నాయి, పరిశీలన అయిన రోజు సాయంత్రమే పెట్టాడు. నడిమి గదిలో స్లాబును తట్టాడు.

"ఏమన్నది?"

అక్క అద్దాన్ని చేతిలో పట్టుకుని నిలబడింది. "నన్నెందుకడుగుతవు? మీ బామ్మర్దిని అడుగు. ఆయనకు నిజం చెప్పుడు అలవాటు."

బావ నావైపు తిరిగి మళ్లీ తట్టాడు. నేను విన్నాను. ఇన్ని నెలలూ వాళ్ల వెనక నడిచి విన్నవాణ్ణి, పొరపాటు పడే అవకాశం లేదు. గట్టిగానే ఉందని అంటే ఏమవుతుంది? ఈ ఒక్క రోజుకు అందరం కూర్చుని అన్నం తింటాం. కాని అలా అన్నవాడి మాట నమ్మి ఆయన ఆ కప్పు కింద మంచం వేసుకుంటాడు.

"బోలుగ ఉన్నది బావా" అన్నాను, ఆయనకు వినబడేలా.

బావ తల ఊపాడు. బాధపడలేదు, డ్యూటీలో సమాచారం అందినట్టు ఊపాడు. లోపలి గుమ్మం నుంచి కట్టెలు తీసుకొచ్చి నడిమి గది గుమ్మం పక్కన ఆనించాడు. జేబులోంచి సుద్ద తీసి గోడమీద తేదీ వేయబోయాడు. తెల్లటి సున్నం మీద తెల్లటి సుద్ద కనబడలేదు. రెండుసార్లు గీసి చూశాడు. అక్క పొయ్యి దగ్గరికి వెళ్లి ఒక బొగ్గుముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నీలం కలిపి రెండు పూతలు వేయించిన ఆ గోడ మీద ఆయన నల్లగా తేదీ రాశాడు.

అక్క దగ్గరికి వచ్చి చూసింది. "జర సక్కగ రాయి" అన్నది. "ఎవలన్న వస్తే కనవడాలె."

ఆయనకు వినబడలేదు. పరుపు మడిచి అక్కకు ఇచ్చి, నేనూ బావా మంచాన్ని చెరో వైపు పట్టుకున్నాం. ముందు గదిలో అది వీధి తలుపుకు అడ్డం వచ్చింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాం. చివరికి బావ తెరిచిన తలుపు రెక్కను మంచంతో గోడకు నెట్టేసి, ఈ తలుపు ఇంక మూయొద్దు అన్నాడు.